ఊరు మారితే పిల్లలకు బడిలో సీటు దొరుకుతుందా? చట్టం ఇచ్చిన హక్కు ఎక్కడిదాకా వస్తుంది?

జూన్ మూడో వారం. తండ్రికి కొత్త ఉద్యోగం రావడంతో కర్నూలు నుంచి బెంగళూరుకు మారిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. పాప మూడో తరగతికి వచ్చింది. అద్దె ఇంటికి దగ్గర్లోని సీబీఎస్ఈ బడిలో అడిగితే ఏప్రిల్‌లోనే తరగతులు మొదలయ్యాయని, సీట్లు లేవని చెప్పారు. రెండో బడి టీసీ అడిగింది. పాత బడేమో బాకీ ఫీజు కడితేనే టీసీ ఇస్తామంటోంది. మూడో బడి ఆధార్‌లో స్థానిక చిరునామా ఉందా అని అడిగింది. నాలుగు వీధుల అవతల ప్రభుత్వ పాఠశాల ఉంది కానీ, అక్కడ కన్నడం తప్పదేమోనని తల్లిదండ్రులు అటు వెళ్లలేదు.

ఏటా వేసవి చివర వేల కుటుంబాలకు ఎదురయ్యే పరిస్థితి ఇది. బదిలీ అయిన ఉద్యోగులు, హైదరాబాద్, చెన్నై, పుణెలకు పని కోసం వెళ్లే కూలీలు, కాంట్రాక్టు ముగిసి సొంతూరికి తిరిగొచ్చేవారు, అందరిదీ ఒకటే ప్రశ్న: కొత్త చోట పిల్లలకు సీటు దొరుకుతుందా?

చట్టం ప్రకారం దొరకాలి. అయితే ఆ హామీ అన్ని బడులకూ వర్తించదు. సీటు ఇవ్వక తప్పని బడి ఏది, ఇష్టమైతేనే ఇచ్చే బడి ఏది అన్న తేడా తెలియకపోవడం వల్లే చాలా కుటుంబాలు తొలి రెండు మూడు నెలలు నష్టపోతున్నాయి.

చట్టం ఏం చెబుతోంది?

2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21ఏ అధికరణ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అయింది. దాని అమలు కోసం చేసిన విద్యాహక్కు చట్టం 2009లో ఆమోదం పొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఊరు మారే కుటుంబాలు ఈ చట్టంలో ముఖ్యంగా తెలుసుకోవాల్సింది 5వ సెక్షన్. రాష్ట్రం లోపల అయినా, మరో రాష్ట్రానికి అయినా, కారణం ఏదైనా సరే, బడి మారాల్సి వస్తే మరో బడిలో చేరే హక్కు పిల్లలకు ఉందని అది చెబుతోంది. పాత బడి ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, నిరాకరించకూడదు. కావాలని ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయులపై క్రమశిక్షణ చర్యకు కూడా చట్టంలో వీలుంది.

ఇదే సెక్షన్‌లో ఒక పరిమితి ఉంది. బదిలీ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకే పరిమితం. ఎయిడ్ లేని ప్రైవేటు బడులను, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి ప్రత్యేక కేటగిరీ బడులను ఇందులోంచి మినహాయించారు. అంటే ప్రభుత్వ బడి ‘సీటు లేదు’ అంటే అది చట్ట ఉల్లంఘన. ప్రైవేటు బడి అదే మాట అంటే, ఈ సెక్షన్ కింద ప్రశ్నించే అవకాశం లేదు.

బడి ఎంత దూరంలో ఉండాలన్నది కేంద్రం రూపొందించిన నమూనా నిబంధనల్లో ఉంది. 1 నుంచి 5వ తరగతి వరకు నడిచి వెళ్లగలిగే ఒక కిలోమీటరు లోపు, 6 నుంచి 8వ తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. రాష్ట్రాలు తమ నిబంధనల్లో వీటిని కొంత మార్చుకున్నాయి.

ఏడాది మధ్యలో వెళితే చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. ప్రవేశాల గడువు ముగిశాక వచ్చినా నిరాకరించకూడదని 15వ సెక్షన్ చెబుతోంది. మధ్యలో చదువు ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ నిర్దేశిస్తోంది. నమూనా నిబంధనల ప్రకారం ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా రెండేళ్లు.

చిక్కు ఎక్కువగా వచ్చేది విద్యా సంవత్సరాలు వేరు కావడం వల్ల. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. సీబీఎస్ఈ బడులు చాలావరకు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. వేసవి సెలవుల తర్వాత మారదామనుకునే కుటుంబం సీబీఎస్ఈ బడికి వెళ్లేసరికి అక్కడ పుస్తకాల్లో మొదటి పాఠాలు అయిపోయి ఉంటాయి.

ఏ కాగితాలు తప్పనిసరి?

బడులు అడిగే జాబితా పెద్దదే అయినా, ప్రభుత్వ బడిలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు కాగితం లేదన్న కారణంతో పిల్లలను వెనక్కి పంపడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

వయసు రుజువు: జనన ధ్రువపత్రం ఉంటే మంచిదే. లేదని సీటు నిరాకరించకూడదని 14వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. ఆసుపత్రి లేదా ఏఎన్ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, చివరికి తల్లిదండ్రుల ప్రమాణపత్రం కూడా సరిపోతాయని నమూనా నిబంధనల్లో ఉంది. ఇక్కడ ఒక కొత్త మార్పును గమనించాలి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లల విషయంలో విద్యాసంస్థల్లో ప్రవేశానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. ఇప్పుడు పసిపిల్లలున్న కుటుంబాలు దాన్ని తీసుకుని దాచుకోవడం అవసరం.

ఆధార్: 2018 సెప్టెంబర్ 26న ఆధార్ కేసులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని చెప్పింది. చదువు ప్రభుత్వం దయతో ఇచ్చే రాయితీ కాదు, పిల్లల హక్కు అన్నది దాని వెనక ఉన్న తర్కం.

టీసీ: పాత బడి ప్రైవేటుదైనా సరే, ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడిలో చేరుతున్నప్పుడు వెంటనే టీసీ ఇవ్వాలి. ఫీజు బాకీ వసూలుకు టీసీని ఆయుధంగా వాడుకోవద్దని 2024లో మద్రాసు హైకోర్టు గట్టిగా చెప్పింది. బాకీ వసూలుకు యాజమాన్యాలకు వేరే చట్టపరమైన దారులున్నాయి. పిల్లల కాగితం ఆపడం వాటిలో ఒకటి కాదు.

కాగితం బదులు కంప్యూటర్

కాగితపు టీసీ ప్రాధాన్యం తగ్గుతున్నకొద్దీ ఆన్‌లైన్ రికార్డు ప్రాధాన్యం పెరుగుతోంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ వ్యవస్థలో 2022-23 నుంచి ప్రతి విద్యార్థి వివరాలనూ విడిగా నమోదు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ పెన్ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. పాత బడి తన జాబితా నుంచి విద్యార్థిని విడుదల చేస్తేనే కొత్త బడి ఆన్‌లైన్‌లో తన జాబితాలోకి తెచ్చుకోగలదు.

టీసీ చేతికిచ్చి, ఆన్‌లైన్‌లో విడుదల చేయడం మరచిపోయే బడులుంటాయి. అప్పుడు పిల్లలు కొత్త బడిలో కూర్చుంటారు కానీ, లెక్కల్లో పాత బడిలోనే ఉంటారు. ఈ చిక్కు వదిలే వరకు కొత్త బడి ‘తర్వాత రండి’ అనడం సులువు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకలా, బడి రికార్డులో మరోలా ఉన్నా ఇబ్బందే. 12 అంకెల అపార్ సంఖ్య గురించి కూడా బడులు అడుగుతుంటాయి. అది తల్లిదండ్రుల సమ్మతితో ఇచ్చేది.

పెన్, అపార్ ఏవీ సీటుకు షరతు అని విద్యాహక్కు చట్టంలో లేదు. అయినా పాత ఊరు వదలకముందే పెన్ సంఖ్య రాసుకుని, ఆన్‌లైన్‌లో విడుదల చేశారో లేదో అడిగి తెలుసుకుంటే, తర్వాత మరో రాష్ట్రం నుంచి ఫోన్లు చేసే శ్రమ తప్పుతుంది.

ప్రైవేటు బడిలో హక్కులేమీ లేవా?

కొన్ని ఉన్నాయి. డొనేషన్ వసూలు చేయడం, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టడం 13వ సెక్షన్ కింద నిషేధం. డొనేషన్ తీసుకుంటే దానికి పది రెట్ల వరకు, వడపోత పరీక్ష పెడితే మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంది. అయితే 2014 నాటి ప్రమతి కేసు తీర్పుతో మైనారిటీ విద్యాసంస్థలు ఈ చట్టం పరిధి నుంచి బయటికి వెళ్లాయి.

పేద, బలహీన వర్గాల పిల్లలకు 12(1)(సి) సెక్షన్ కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు ఇవ్వాలి. ఊరు మారే కుటుంబాలకు ఇందులో రెండు చిక్కులున్నాయి. ఈ సీట్లు బడిలో మొదటి తరగతికే, అంటే ఒకటో తరగతికి లేదా పూర్వ ప్రాథమిక తరగతికే ఇస్తారు. మూడో తరగతి పిల్లలు కొత్త ఊళ్లో వాటికి దరఖాస్తు చేయలేరు. పైగా 5వ సెక్షన్ బదిలీ హక్కు ప్రైవేటు బడులకు వర్తించదు కాబట్టి, పాత ఊళ్లో ఈ కోటాలో ఉచితంగా చదువుతున్న పిల్లలు ఊరు మారితే ఆ సీటును వెంట తీసుకెళ్లలేరు. పని కోసం ఎక్కువగా కదిలేది పేద కుటుంబాలే. వారి కోసం పెట్టిన కోటాయే వారితో కదలదు.

అమలూ రాష్ట్రానికో తీరు. ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడి దగ్గర్లో ఉంటే ప్రైవేటు బడి సీట్లు ఇవ్వనక్కర్లేదని కర్ణాటక 2019-20 ప్రవేశాల నుంచి నిబంధన మార్చింది. దాంతో అక్కడ ఈ సీట్లు బాగా తగ్గిపోయాయి. మహారాష్ట్ర 2024లో అలాంటి మార్పే చేస్తే, అదే ఏడాది జులైలో బాంబే హైకోర్టు కొట్టేసింది.

కేంద్రీయ విద్యాలయాల్లో?

బదిలీల కోసమే రూపుదిద్దుకున్న బడులివి. ఒకటో తరగతి ప్రవేశాల్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం. గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలయ్యాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఎంపీల సిఫార్సు కోటాను 2022లో రద్దు చేశారు. ప్రైవేటు ఉద్యోగులు, కూలీల పిల్లలకు ప్రాధాన్య క్రమంలో చోటు చివర్లోనే. ఉద్యోగరీత్యా కదలడం బ్యాంకు ఉద్యోగికీ తాపీ మేస్త్రీకీ ఒకటే అయినా, ఇద్దరి బదిలీనీ వ్యవస్థ ఒకేలా చూడదు.

వయసు, భాష

తెలుగు రాష్ట్రాల్లో అయిదేళ్లు నిండితే ఒకటో తరగతిలో చేర్చడం చాలాకాలంగా ఆనవాయితీ. 2020 జాతీయ విద్యా విధానం ఆరేళ్లంటోంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఆరేళ్ల నిబంధన అమలు చేస్తున్నాయి. కర్ణాటక జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్న నిబంధన తెచ్చి, తల్లిదండ్రుల అభ్యంతరాలతో 2025-26కు సడలించింది. ఈ తేడా వల్ల, ఆరేళ్లకే రెండో తరగతికి వచ్చిన పిల్లలను కొత్త బడి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టే పరిస్థితి రావచ్చు.

భాష విషయంలో తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, తెలంగాణ 2018లో, మహారాష్ట్ర 2020లో తమ భాషను బడుల్లో తప్పనిసరి చేస్తూ చట్టాలు చేశాయి. కాబట్టి ప్రైవేటు బడికి వెళ్లినంత మాత్రాన స్థానిక భాష తప్పుతుందనుకోవడం సరికాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధించేందుకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణ చెబుతున్నా, నగరానికి కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇంటి దగ్గర అలాంటి బడి దొరకడం అరుదు.

ఏడాదికి రెండుసార్లు ఊరు మారేవారి సంగతి?

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి మిరప కోతల కాలంలో గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలు కదులుతాయి. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు వలస తరాలుగా ఉంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు కూలీలు వస్తారు. వీరి వలస శీతాకాలంలో మొదలై వేసవి దాకా సాగుతుంది. అంటే ఒక విద్యా సంవత్సరంలో సగం ఇక్కడ, సగం అక్కడ.

వలస కుటుంబాల పిల్లలను చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థలదేనని 9వ సెక్షన్ చెబుతోంది. 2020 లాక్‌డౌన్ తర్వాత, సొంతూళ్లకు తిరిగొచ్చిన పిల్లలను ఏదో ఒక గుర్తింపు రుజువు తప్ప ఇతర పత్రాలు అడగకుండా చేర్చుకోవాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. అయినా ఇటుక బట్టీ దగ్గరికి వచ్చిన ఒడియా పిల్లలకు తెలుగు బడిలో సీటు ఇచ్చినంత మాత్రాన చదువు సాగదు. హైదరాబాద్ శివార్లలో రాచకొండ పోలీసులు చొరవ తీసుకుని బట్టీల దగ్గరే ఒడియాలో బోధించే పని ప్రదేశ పాఠశాలలు పెట్టించడం, కర్నూలు జిల్లాలో పిల్లలు సొంతూళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు నడపడం ఈ లోటు పూడ్చే ప్రయత్నాలే.

నిరాకరిస్తే ఏం చేయాలి?

ఊరు వదలకముందు: టీసీ, మార్కుల రికార్డు, జనన ధ్రువపత్రం, పెన్ సంఖ్య తీసుకోవాలి. టీసీ కోసం దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో రసీదు ఉంచుకోవాలి.

కొత్త ఊళ్లో: ప్రైవేటు సీటు కోసం వెతుకుతున్నా, దగ్గరి ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడిలో పిల్లలను చేర్చడం మేలు. చదువు ఆగదు, రికార్డూ తెగదు.

నిరాకరిస్తే: కారణం రాసివ్వమని అడగాలి. తెలుగు రాష్ట్రాల్లో మండల విద్యాధికారికి, కర్ణాటకలో బ్లాక్ స్థాయి విద్యాధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. ఆ తర్వాత రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

మూడు నెలలంటే విద్యా సంవత్సరంలో దాదాపు మూడో వంతు. ఆరు నెలలకే మళ్లీ ఊరు మారే కూలీ కుటుంబానికి ఆ ఫిర్యాదు తేలేలోపు వెళ్లిపోయే రోజు వస్తుంది. పిల్లలు ఏ బడి గుమ్మం తొక్కితే ఆ బడి ముందు చేర్చుకుని, కాగితాలు తర్వాత తెప్పించుకోవాలన్నదే చట్టం ఉద్దేశం. ఆ మాట తల్లిదండ్రుల కంటే ముందు ప్రధానోపాధ్యాయులకు గుర్తుంటే, 32వ సెక్షన్ దాకా వెళ్లే అవసరం చాలామందికి రాదు.