‘లిస్ట్’ : వినుట యను నర్థముగల ప్రాచీనాంగ్ల పదము

ఆంగ్లమున ‘లిస్ట్’ అనగా పట్టిక యని నేడు అందఱెఱిగిన యర్థము. ‘చెవియొగ్గి వినుట’ అను నర్థముగల వేఱొక ‘లిస్ట్’ పూర్వము ఆ భాషలో వ్యవహారమున నుండెను. షేక్స్పియరు రచించిన ‘హామ్లెట్’ నాటకపు ప్రథమాంకమున మృతరాజు ప్రేతము తన మాట వినుమని కుమారుని కోరుచు ఈ పదమునే ప్రయోగించినది. ఇప్పుడది వాడుక దప్పినది.

ప్రాచీనాంగ్లమున ఈ క్రియకు రూపము ‘హ్ల్యుస్తన్’. ఇది ‘వినికిడి’ యను నర్థముగల ‘హ్ల్యుస్ట్’ అను నామమునుండి పుట్టినది. ఆ నామమునకు సంస్కృతమునందలి జ్ఞాతిపదము ఋగ్వేదమున గానవచ్చు ‘శ్రుష్టి’. ఈ రెంటికిని గల సంబంధము ధ్వనిసూత్రములచే సిద్ధించుచున్నది. ఇండో-యూరోపియన్ మూలభాషలోని తాలవ్య కకారము సంస్కృతమున శకారముగను, జర్మానిక్ భాషలలో హకారముగను మాఱినది. లకారము ఆంగ్లమున నిలువగా, సంస్కృతమున రేఫమైనది. ఉకారము పిదపనున్న సకారము సంస్కృతమున మూర్ధన్యమై, తన ప్రక్కనున్న తకారమును టకారముగా మార్చినది. ప్రత్యయమందలి ఇకారము ఆంగ్లమున లోపించినది. కాని అంతకుముందే అది ధాతువులోని ఉకారమును తనవైపు ద్రిప్పుకొనుటచే ఉకార ఇకారముల నడిమి స్వరమొకటి యేర్పడినది. మధ్యాంగ్లకాలమున పదాది హకారము లోపించి, ఆ స్వరము ఇకారము కాగా ‘లిస్ట్’ మిగిలినది. కీర్తి యను నర్థముగల గ్రీకు ‘క్లెఓస్’, మాట యను నర్థముగల స్లావిక్ ‘స్లొవొ’ కూడ ఈ ధాతువునుండి జనించినవే.

పట్టిక యను నర్థముగల ‘లిస్ట్’ ఫ్రెంచినుండి వచ్చినది. అంచు, పేలిక యనునవి దాని పూర్వార్థములు. ‘ఇచ్చగించుట’ యను నర్థముగల మఱియొక ‘లిస్ట్’ కోరికను దెలుపు ‘లస్ట్’ శబ్దమునకు సంబంధించినది. ఈ రెండును శ్రవణార్థక ‘లిస్ట్’తో సంపూర్ణ వర్ణసామ్యము గలవియే యైనను దానికి జ్ఞాతులు కావు. పోలిక మిక్కిలి తక్కువగనున్న ‘శ్రుష్టి’యే జ్ఞాతి.

అర్థసామ్యమును ఇట్లే ప్రమాణముగా గొనరాదు. వేదమున ‘శ్రుష్టి’ విధేయతను గూడ దెలుపును. వినగోరుట యను నర్థముగల ‘శుశ్రూష’ సేవార్థమున రూఢమైనది. తెలుగున ‘మాట వినుట’ యన్నను విధేయతయే. కాని ‘విను’ ద్రావిడధాతుజము. తమిళ ‘వినవు’ దానికి జ్ఞాతి. వినుటనుండి విధేయతకు సాగిన యర్థవిస్తృతి వేర్వేఱు కుటుంబములలో స్వతంత్రముగనే జరుగవచ్చును. కావున బాంధవ్యనిర్ణయమునకు క్రమబద్ధమగు ధ్వనిసంవాదమే ఆధారము.

నేటి ‘లిసెన్’ శబ్దపు ప్రాచీనరూపమున తకారము లేదు. అది ‘లిస్ట్’ ప్రభావముచే వచ్చి చేరినది. ఉచ్చారణలో వినబడకున్నను, లుప్తమైన యా పదమునకు గుర్తుగా వ్రాతలో నిలిచియున్నది.