వెయ్యి వరహాలంటే ఎన్ని రోజుల భోజనం?

కథల్లో రాజుగారు ఎవరినైనా మెచ్చుకుంటే ఏం చేస్తాడు? "ఎవరక్కడ! ఇతనికి వెయ్యి వరహాలు ఇవ్వండి!" అంటాడు. మనం సంతోషించి పేజీ తిప్పేస్తాం. ఆ వెయ్యి వరహాలతో ఏమేం కొనవచ్చో, ఆ రాజ్యంలోనే కట్టెలు కొట్టేవాడికి రోజుకి ఎంత ముట్టేదో కథ చెప్పదు. చదువుతున్నంతసేపూ మనకూ ఆ సందేహం రాదు. అదే కథను ఆటగా ఆడదామనుకుంటే మాత్రం చిక్కు వస్తుంది.

అటువంటి ఆటలున్నాయి. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తయారుచేశారు. నలుగురైదుగురు కూర్చుని, ఒకరు వీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ - ఇలా పాత్రలు ఎంచుకుంటారు. ఇంకొకరు సూత్రధారిగా ఉండి కథ నడుపుతారు. గెలుపో ఓటమో పాచికలు తేలుస్తాయి.

ఈ ఆటను పరవాడలో ఆడుతున్నారనుకోండి. అక్కడ సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2000 మెగావాట్లు. నీటిని చల్లబరిచే దాని ఎత్తైన గోపురాలను మీ ఆటలో రాక్షసుడు వంట చేసుకునే బానలుగా మార్చేయవచ్చు. సూత్రధారి మీరే. వీరుడు పూటకూళ్లమ్మ ఇంటికి వచ్చి, "భోజనం ఎంత?" అన్నాడు. నోటికొచ్చినట్టు "ఒక వరహా" అన్నారు మీరు. పక్కనే ఉన్న కూలివాడు, "నా రోజు కూలి ఎంత?" అని అడిగాడు. "ఒక కాసు" అనేశారు. ఇక చూడండి గొడవ!

కాసులు, ఫణాలు, వరహాలు

ఇంగ్లీషు కంపెనీ కాలంలో మద్రాసు రాజధానిలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. విశాఖపట్నం ప్రాంతమూ ఆ రాజధానిలోదే. 1818లో వెండి రూపాయి వచ్చినప్పుడు వరహాకు మూడున్నర రూపాయలుగా లెక్క కట్టారు.

అంటే ఒక వరహాకు 80ని 42తో హెచ్చవేస్తే 3,360 కాసులు. పాపం, మీ కూలివాడు ఒక్క పూట భోంచెయ్యాలంటే తొమ్మిదేళ్లకు పైగా పనిచెయ్యాలి! అన్నాళ్లూ ఏం తిని పనిచేస్తాడు?

తప్పు ఎక్కడుంది? మీరు నాణెంతో మొదలుపెట్టారు. కడుపుతో మొదలుపెట్టాలి.

కడుపు లెక్క

1957లో మన దేశంలో ప్రభుత్వమూ, యజమానులూ, కార్మిక సంఘాలూ కలిసిన భారత కార్మిక మహాసభలో సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది: కార్మికుడికి కనీసం ఎంత వేతనం కావాలి? రూపాయల్లో ఇంతని వారు చెప్పలేదు. అవసరాలు చెప్పారు. డాక్టర్ ఐక్రాయిడ్ అనే ఆహార శాస్త్రవేత్త లెక్క ప్రకారం, ఒక మాదిరి శ్రమచేసే పెద్దవారికి రోజుకి 2,700 కాలరీల శక్తినిచ్చే ఆహారం కావాలి. ఐక్రాయిడ్ కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు అధిపతిగా పనిచేసినవాడు. తరవాత ఆ పరిశోధనశాల హైదరాబాదుకు తరలివచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

2,700 కాలరీలు కంచంలో ఎలా ఉంటాయో చూద్దామా? 100 గ్రాముల బియ్యానికి సుమారు 350 కాలరీలు. 600 గ్రాములకు 2,100. 80 గ్రాముల పప్పుకు దాదాపు 270. నూనె గ్రాముకు 9 చొప్పున 36 గ్రాములకు 324. మొత్తం కలిపితే దాదాపు 2,700. కూరగాయలూ మజ్జిగా వీటికి తోడు. అవి లేకపోతే శక్తి ఉంటుంది గాని ఆరోగ్యం ఉండదు.

కూలివాడు ఒంటరివాడు కాడు. ఆ మహాసభ అతన్ని 1గా, భార్యను 0.8గా, ఇద్దరు పిల్లల్ని 0.6 చొప్పున లెక్కవేసింది. కూడండి: సరిగ్గా 3. కాబట్టి ఒకరి కూలి ముగ్గురి తిండికి సరిపోవాలి. దీనికి తోడు ఏడాదికి కుటుంబానికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం.

ఇప్పుడు నాణెం బయటికి తీయండి

మీ రాజ్యంలో ఒక మనిషి రోజు తిండికి 10 కాసులు అని పెట్టుకోండి. ఇది మన ఇష్టం. మిగతావన్నీ దీని వెంట నడవాలి.

కుటుంబం తిండికి 30 కాసులు. బీద రాజ్యం కాబట్టి ఖర్చులో మూడింట రెండు వంతులు తిండికే పోతుందనుకుందాం. అప్పుడు రోజు ఖర్చు 45 కాసులు. నెలకు 1,350. కాని ముప్ఫై రోజులూ పని ఉంటుందా? వాన వస్తుంది, పండగ వస్తుంది. 25 రోజులు పని దొరికితే, రోజు కూలి కనీసం 54 కాసులు ఉండాలి.

అయిపోయిందా? పాచిక వేయండి. ఒకటి పడితే కూలివాడికి జ్వరం. ఆ రోజు కూలి లేదు, 45 కాసుల ఖర్చు మాత్రం ఉంది. వైద్యుడికి ఇవ్వడానికి పెట్టెలో ఒక్క కాసు కూడా లేదు. నాలుగు రోజులు మంచం పట్టాడా, షావుకారు దగ్గర అప్పు తప్పదు. మీ ఆటలో రాక్షసుడికన్నా ఈ జ్వరమే భయంకరమైనది!

1991లో మన సుప్రీంకోర్టు ఈ లోటునే పూడ్చింది. పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్లు, ముసలితనం - వీటి కోసం కనీస వేతనంలో 25 శాతం ఉండాలని చెప్పింది. 54 మిగతా 75 శాతం అనుకుంటే, మొత్తం 72 కాసులు. ఇదీ మీ రాజ్యంలో న్యాయమైన కూలి.

కత్తి ఖరీదెంత?

పనితనం ఉన్నవారికి ఎక్కువ రావాలి. క్రీ.శ. 301లో రోము చక్రవర్తి డయొక్లీషియన్ వేసిన శాసనంలో పొలం కూలికి రోజుకి 25 దెనారీలు, వడ్రంగికి 50 అని ఉంది. అంటే రెట్టింపు. మన కమ్మరికీ అలాగే 144 కాసులు ఇద్దాం. ఒక కత్తికి అతనికి ఆరు రోజులు పట్టిందనుకోండి. 864 కాసులు. కొలిమితిత్తి ఊదే మనిషికి 432. ఇనుముకూ బొగ్గుకూ 384. మొత్తం 1,680 కాసులు, అంటే సరిగ్గా అర వరహా! కూలివాడు కత్తి కొనాలంటే తిండి మానేసి 23 రోజులకు పైగా పనిచెయ్యాలి. పల్లెటూరి బీదవాడు కత్తి పట్టుకుని సాహసయాత్రకు ఎందుకు బయలుదేరలేడో ఇప్పుడు తెలిసిందా?

మరి రాజుగారి వెయ్యి వరహాలు? 33,60,000 కాసులు. రోజుకి 45 చొప్పున ఖర్చుపెడితే ఒక కూలి కుటుంబం 204 ఏళ్లు బతుకుతుంది!

ఇంత తేడా రాజ్యాల్లో నిజంగా ఉండేదా? కౌటిల్యుని అర్థశాస్త్రంలో జీతాల పట్టిక ఉంది. సేనాపతికీ, యువరాజుకూ 48,000 పణాలు. అట్టడుగు పనివారికి 60. అంటే 800 రెట్లు. ఆ పుస్తకంలోనే భోజనం కొలతలూ ఉన్నాయి. పైతరగతివారికి బియ్యంలో నాలుగో వంతు పప్పు, కిందితరగతివారికి ఆరో వంతు, నూనె సగమే. ఒళ్లు వంచి పనిచేసేవాడికే శక్తినిచ్చే నూనె తక్కువ! శాస్త్రం తెలిసిన మీరు ఆ రాజ్యానికి మంత్రి అయితే ఏం చేస్తారు?

బంగారం పండదు, తినలేం

వీరులు రాక్షసుణ్ణి చంపి పది బళ్ల బంగారం ఊళ్లోకి తెచ్చారు. అందరూ ధనవంతులు అయిపోతారా? వరి అంతకుముందు ఎంత పండిందో ఇప్పుడూ అంతే. అదే బియ్యానికి ఎక్కువ నాణేలు పోటీపడతాయి. ధర పెరుగుతుంది. గైగాక్స్ 1978లో రాసిన నియమాల పుస్తకంలో తన ఆటలోని ధరలను అలాస్కా బంగారు వేట రోజులతో పోల్చాడు. అక్కడ ఒక్క గుడ్డు ఒక డాలరుకు అమ్మేవారట!

మరి 72 కాసుల దగ్గరే నిలిచిపోయిన కూలివాడి గతి? పాతరోజుల్లో మన పల్లెల్లో కూలి గింజల్లో కొలిచి ఇవ్వడం ఉండేది. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం - ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు. ధర ఎంత పెరిగినా కుంచెడు గింజలు కుంచెడే కదా! డబ్బు కూలికి ఆ రక్షణ లేదు.

అందుకే ధరల సూచిక అవసరమైంది. కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో దేశంలో 88 పారిశ్రామిక కేంద్రాల్లో ధరలు సేకరిస్తుంది. వాటిలో విశాఖపట్నం ఒకటి. 2016 నాటి ధరలను 100గా తీసుకుని, ఇప్పుడు ఎంతయిందో నెలనెలా చెబుతుంది. కరువుభత్యం పెరిగేది దీన్నిబట్టే. ఈ సూచికలో తిండికి ఇచ్చిన వాటా 2001 వరుసలో 46.20 శాతం. 2016 వరుసలో 39.17. సంసారం కాస్త మెరుగుపడితే ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక శాస్త్రవేత్త గమనించాడు.

మీరే చేసి చూడండి

ఈ ఆదివారం సంతలో బియ్యం, పప్పు, నూనె ధరలు కనుక్కోండి. ముగ్గురి లెక్కన రోజుకి 1,800 గ్రాముల బియ్యం, 240 గ్రాముల పప్పు, 108 గ్రాముల నూనెకు ఎంతవుతుందో వేయండి. కూరగాయలు, అద్దె, గ్యాసు, బస్సు ఛార్జీ, బడి ఖర్చు కలపండి. నెల మొత్తాన్ని 25తో భాగించండి. తరవాత మీ వీధిలో ఇల్లు కడుతున్న చోటికి వెళ్లి, ఇటుకలు మోసేవారికి రోజుకి ఎంత ఇస్తున్నారో మర్యాదగా అడగండి.

రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూడండి. మీ ఆటలో కూలి చాలకపోతే, సూత్రధారి మీరే కాబట్టి కలం తీసి దిద్దేయవచ్చు. బయట చాలకపోతే?

దాన్ని దిద్దడానికి ఆటలో నేర్చుకున్న ఈ లెక్కే మొదటి మెట్టు.