మాన్పించడమా, మానుకోనివ్వడమా?

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నవి. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో, బియ్యపు మిల్లులతో వర్ధిల్లిన ఊరు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, మిల్లు హమాలీలు, మెకానిక్కులు మన విద్యార్థులలో అనేకులకు తండ్రులో, అన్నలో, ఇరుగుపొరుగువారో అవుతారు. రాత్రి నిద్ర ఆపుకోవడానికి ఖైనీ, బస్తాలు మోసిన ఒళ్ళు నొప్పులకు మద్యం ఏ విధంగా ప్రవేశిస్తాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ అలవాట్లు ఏ విధంగా నిష్క్రమిస్తాయన్నదే మేము ఇక్కడ పరిశీలింపదలచిన విషయం.

ముందుగా మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రితం గుట్కా నమిలే ఒక విద్యార్థిని పిలిచి అరగంట సేపు ఉపన్యసించాము. నోటి క్యాన్సర్, తల్లి కష్టం, డబ్బు ఖర్చు, దేనినీ వదలలేదు. అతడు ప్రతి మాటకూ ఒక జవాబు చెప్పాడు. "మా తాత ముసలోడయ్యేదాక నమిలిండు సార్, ఏం కాలే" అన్నాడు. చివరకు "సరే సార్" అని వెళ్ళి, ఆ తరువాత మా తరగతికి రావడమే మానివేశాడు. గుట్కా మాన్పించబోయి పాఠం మాన్పించినవారమైనాము.

జరిగినదేమిటి? మానాలన్న కోరిక, మానలేనన్న భయం ఒకే మనస్సులో పక్కపక్కనే ఉంటాయి. మేము మొదటి పక్షానికి వకాల్తా పుచ్చుకోగానే అతనికి రెండవ పక్షమే మిగిలింది. అలవాటును సమర్థిస్తూ పలికిన ప్రతి మాటతోనూ అతడు తన్ను తానే మరింత నమ్మించుకున్నాడు.

ఈ సూక్ష్మాన్ని శాస్త్రీయంగా వివరించినవాడు అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త విలియం మిల్లర్. ఆ దేశంలో అప్పట్లో తాగుబోతులను నిలదీసి, తప్పు ఒప్పించడమే చికిత్సగా అనేకచోట్ల చెల్లుబాటయ్యేది. 1982లో ఆయన నార్వే దేశపు బెర్గెన్ నగరానికి వెళ్ళినపుడు అక్కడి యువ మనస్తత్వవేత్తలు ఆయన సంభాషించే తీరును ప్రదర్శింపుమని కోరి, "ఈ ప్రశ్నే ఎందుకు అడిగారు?" అని మధ్యమధ్య నిలిపి అడిగారట. తనకు తెలియకుండానే తాను పాటిస్తున్న పద్ధతి ఆయనకు అప్పుడు స్పష్టమైంది. 1983లో వ్యాసంగాను, 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి గ్రంథంగాను దానిని ప్రకటించాడు. దాని పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. ప్రేరణను మేల్కొలిపే సంభాషణ అని మనం చెప్పుకోవచ్చు. మార్పుకు కారణాలు పలుకవలసినది సలహాదారు కాదు, ఎదుటి మనిషి అన్నదే దీని ప్రాణం.

మన ఉమ్మడి రాష్ట్రపు అనుభవం కూడా ఇక్కడ స్మరింపదగినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు అక్షరాస్యతా తరగతులలో తమ బ్రతుకులను తామే చర్చించుకొని సారా దుకాణంపై తిరుగబడ్డారు. ఆ నిశ్చయం వారిది గనుక ఉద్యమమై రాష్ట్రమంతా వ్యాపించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో తొలగిపోయింది. దానికి ఆదాయం మొదలు దొంగసారా వరకు కారణాలు అనేకం. కాని తాగేవానిని కూర్చోబెట్టి "నీవేమనుకొంటున్నావు?" అని అడిగే ఏర్పాటు లోపించిందనే మా అభిప్రాయం.

పద్ధతి ఎట్లుంటుందో ఒక ఊహా సంభాషణలో చూద్దాం. పొరుగున ఉన్న ఒక లారీ డ్రైవరుతో మన విద్యార్థి మాట్లాడుతున్నాడనుకోండి.

"చాచా, ఖైనీ మానాలని నీకు ఎంత ఉంది? సున్న నుంచి పదిల చెప్పు."

"నాలుగుంటది బేటా."

"రెండు అనకుండ నాలుగు ఎందుకన్నవు?"

"కారం తింటే నోరు మండుతుంది. మనవరాలు దగ్గరికొస్తే వాసనంటది."

"ఆ పిల్ల దూరం జరుగుతుంటే నీకు బాధైతుంది."

"అవును మల్ల. బంద్ చెయ్యాలె."

ఇక్కడ ప్రశ్న తీరు గమనింపదగినది. "ఎనిమిది ఎందుకు కాదు?" అని అడిగితే చాచా సాకులు ఏకరువు పెడతాడు. "రెండు ఎందుకు కాదు?" అన్నందువల్ల కారణాలు వెదకుకొన్నాడు. విద్యార్థి ఆ తరువాత పలికినది సలహా కాదు. విన్న మాటలోని బాధను తిరిగి వినిపించడం మాత్రమే. ఇక చాచా రంజాన్ నెలలో సహరీ నుండి ఇఫ్తార్ వరకు ఖైనీ ముట్టనివాడైతే, "ఆ నెల ఎట్ల ఉండగలిగినవు?" అని అడుగవచ్చు. తన శక్తికి సాక్ష్యం తన వద్దనే ఉన్నదని అతడే కనుగొంటాడు. ఈ ప్రశ్నను ధర్మోపదేశంగా మార్చినామా, పని చెడినట్లే. నోటి మంటను డాక్టరుకు చూపించమని చెప్పవలసినదే, అయితే "ఒక మాట చెప్పనా చాచా?" అని అనుమతి తీసుకొని చెప్పాలి.

ఇది మంత్రదండం కాదు. పరిశోధనలలో కనిపించిన ఫలితం సాధారణంగా కొద్దిపాటిదే, అందరిలోనూ ఒకే తీరుగా లేదు. పైగా ఏండ్ల తరబడి అధికంగా తాగినవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు. వారిని మాటలతో సరిపెట్టక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. 2022లో ఆరంభమైన టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా పాత విద్యార్థి ఆ మధ్య కోదాడ బస్టాండులో కనిపించాడు. ఈసారి ఉపన్యసించలేదు, పదింటిలో ఎంత అని అడిగాము. "మూడు" అన్నాడు. సున్న ఎందుకు కాదని అడిగితే మిర్యాలగూడ బస్సు వచ్చేవరకు చెబుతూనే ఉన్నాడు. గుట్కా ఇంకా మానలేదు.