జీతం లేకుండా విదేశాల్లో ఇంగ్లీషు పాఠాలు: ఎవరికి వీలవుతుంది?

డిగ్రీ, బీఈడీ చేసి విదేశాల్లో ఇంగ్లీషు చెప్పాలనుకునే నల్గొండ, మహబూబ్‌నగర్ దళిత యువతకు ‘వలంటీర్‌గా రండి, అనుభవం వస్తుంది’ అనే ప్రకటనలు ఇంటర్నెట్‌లో తగులుతుంటాయి. వాటికి దరఖాస్తు పెట్టే ముందు ఖర్చు ఎవరిదో చూడాలి.

ఈ పని మూడు రకాలు. మొదటిది, విమాన ఛార్జీతో పాటు ప్రోగ్రాం ఫీజు కూడా వలంటీరే కట్టుకునేది. రెండోది, జీతం లేకున్నా బతకడానికి భత్యం ఇచ్చేది. 1961లో మొదలైన అమెరికా పీస్ కోర్ ఇలాంటిదే, కానీ అది అమెరికా పౌరులకే. మూడోది కాంట్రాక్టు, వర్క్ వీసా, జీతం ఉన్న ఉద్యోగం. మాల్దీవులు, ఇథియోపియా వంటి దేశాలకు భారతీయ టీచర్లు ఏళ్లుగా ఇలాగే వెళ్తున్నారు.

మొదటి రకం ఎవరు చేయగలరు? ఏడాది జీతం లేకున్నా ఇల్లు గడిచేవాళ్లు. తరతరాలుగా భూములున్న కులాల పిల్లలకు ఆ వెసులుబాటు ఉంటుంది. ‘పాలమూరు లేబర్’గా ఊరూరూ తిరిగి డ్యాములు, కాలువలు కట్టిన ఇంట్లో చదువుకున్న మొదటి బిడ్డకు ఉండదు. ఆ బిడ్డ జీతం కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంటుంది. పైగా ఆ ఏడాది అనుభవం చూసే తర్వాతి ఉద్యోగం ఇస్తే, ఉన్నవాళ్లే మళ్లీ ముందుంటారు.

జీతం లేని పని అంటే మన జిల్లాల్లో వెట్టి గుర్తొస్తుంది. 1946–51 సాయుధ పోరాటంలో నల్గొండ పల్లెలు తిరగబడింది దాని మీద కూడా. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని నిర్బంధ శ్రమేనని, పేదరికం వల్ల ఒప్పుకున్నా అది నిర్బంధమేనని చెప్పింది. ఇష్టపడి చేసే సేవ వెట్టి కాదు. కానీ వేరే దారి లేక ఒప్పుకున్నదాన్ని సేవ అనకూడదు.

జీతమున్న దారిలోనూ అడ్డంకులున్నాయి. దక్షిణ కొరియా ఇంగ్లీషు టీచర్ వీసాను ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే ఇస్తుంది. అందులో ఇండియా లేదు. 2010లో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం వల్ల అర్హతలున్న భారతీయులకు సహాయ ఉపాధ్యాయులుగా అవకాశం వచ్చింది. అంటే ఇక్కడ మన ఇంగ్లీషు కంటే ముందు మన పాస్‌పోర్టు చూస్తున్నారు.

కాబట్టి బయల్దేరే ముందు ఇవి అడగాలి. కాంట్రాక్టులో జీతం, పని గంటలు, తిరుగు టికెట్ రాసి ఉన్నాయా? వీసా ఏ రకం? టూరిస్టు వీసా మీద పంపుతామంటే ఒప్పుకోవద్దు. చాలా దేశాల్లో జీతం లేని పనికి కూడా అనుమతి కావాలి. ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఏజెంటు సర్వీస్ ఛార్జీ రూ.30,000, దానిపై జీఎస్టీ మించకూడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా సంప్రదించవచ్చు.

అనుభవమే కావాలంటే అప్పు చేసి విదేశాలకు పోనక్కర్లేదు. మన గురుకులాల్లో, ఊరి బడుల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ల అవసరం ఉంది. అక్కడ చేసినా కూలి అడిగే చేయాలి.