గుర్రపుడెక్కయు లోహవిషమును

1956వ సంవత్సరమున జపానులోని మినమాట అను సముద్రతీరపు పట్టణమందు ఒక వింతవ్యాధి బయటపడెను. మనుష్యులకు కాళ్లుచేతులు స్వాధీనము తప్పెను, చూపు మందగించెను. అంతకుముందే అచ్చటి పిల్లులు పిచ్చెత్తినట్లు గంతులిడి చచ్చినవి. రసాయన కర్మాగారము సముద్రములోనికి వదలిన నీటిలోని పాదరస సమ్మేళనము చేపలలో చేరి, వానిని తిన్నవారి నరములను పాడుచేసెనని తరువాత తేలినది.

లోహములకును ఇతర మాలిన్యములకును ఒక ముఖ్యభేదము కలదు. కుళ్లెడు పదార్థమును సూక్ష్మజీవులు తినివేయును. పాదరసము, సీసము, కాడ్మియము, క్రోమియము మూలకములు. వానిని ఏ జీవియు విచ్ఛిన్నము చేయజాలదు. నీటినుండి పట్టి వెలికి తీయుటయే మార్గము. ఈ పనికి మొక్కలు తోడ్పడునా?

కృష్ణా గోదావరీ డెల్టాలందలి కాలువలను, చెరువులను కప్పివేసి రైతులను వేధించు గుర్రపుడెక్కను ఎరుగనివారు అరుదు. దక్షిణ అమెరికా దీని పుట్టినిల్లు. ఒక మొక్కను పైకి తీసి చూచినచో కుచ్చువలె వ్రేలాడు నల్లని వేళ్లు కనబడును. ఆ వేళ్ల కణకవచములపై ఋణవిద్యుదావేశముగల స్థానములుండును. నీటిలో కరిగిన కాడ్మియము, సీసము వంటి లోహముల అయాన్లు ధనావేశము గలవి గనుక అచ్చట అంటుకొనును. కొంతభాగము కణములలోనికి పోవును. అప్పుడు మొక్క ఫైటోకెలాటిన్లు అను గంధకముగల పదార్థములను తయారుచేసి, వానితో లోహమును బంధించి, కణములోని రిక్తికలందు దాచును. ఈ మొక్క నీటినుండి కాడ్మియమును, నికెలును గ్రహించునని 1975లో అమెరికా అంతరిక్షసంస్థకు చెందిన వుల్వర్టన్, ఆయన సహకారులు ప్రయోగపూర్వకముగా చూపిరి.

అయితే కథ ఇంతటితో ముగియదు. మొక్క లోహమును నశింపజేయలేదు. నీటినుండి తన ఒంటిలోనికి మార్చుకొన్నది, అంతే. అది చెరువులోనే కుళ్లినచో విషము మరల నీటిలో కలియును. పశువులకు మేతగా వేసినచో వాని దేహములలోనికిని, పొలమునకు ఎరువుగా చల్లినచో నేలలోనికిని చేరును. లోహములో అధికభాగము వేళ్లలోనే నిలుచును గనుక ఆకులు కోసిన చాలదు; మొక్కను వేళ్లతోసహా సకాలమున తీసివేయవలెను. ఎండబెట్టి, పొగ బయటికి పోనీయని కొలిమిలో కాల్చి, ఆ బూడిదను భద్రపరుపవలెను. పాదరసము వేడికి ఆవిరియగును గనుక అది చేరిన మొక్కను కాల్చుటయు తగదు.

విషము తీవ్రమైనచో మొక్కయే చచ్చును. కావున కర్మాగారము మొదట సున్నము మొదలగువానితో లోహములను అడుగున పేరుకొనజేసి, మిగిలిన కొద్దిపాటిని మాత్రమే మొక్కలకు అప్పగించుట యుక్తము. మొక్క సహాయకారియే గాని కర్మాగారపు బాధ్యతను మోయునది కాదు.

నీరు తేటపడినదని సంతసించుటకు ముందు, అందలి విషము ఎచ్చటికి పోయినదని అడుగుట విద్యార్థి నేర్వవలసిన ప్రశ్న.