దశాంశముల వెనుక దాగిన దూరము

గ్రామపటమును తయారుచేయనెంచిన పాఠశాలకు ల్యాప్‌టాప్ ఒకటి ఉన్నచో ఇంకొక చిన్న పరికరము చాలును. అది జి.పి.ఎస్. రిసీవరు. వెలలోను, రూపములోను ఇవి పలు విధములు. ఏది కొనదగినదని విచారించుటకు ముందు, ఏ పనికి కొనుచున్నారో నిశ్చయించుకొనవలెను. ఈ వరుస తప్పినచో సొమ్మే కాదు, సత్యము కూడ చేజారును.

రిసీవరు చేయు పని వినుట మాత్రమే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న ఉపగ్రహములు తమ పరమాణు గడియారముల కాలమును ప్రకటించుచుండును. ఆ సంకేతము చేరుటకు పట్టిన కాలమును బట్టి రిసీవరు దూరమును లెక్కించును. కాంతి సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, గడియారము సెకనులో పదిలక్షవ వంతు తప్పినను దూరము 300 మీటర్లు తప్పును. రిసీవరులోని గడియారము అంత నిక్కమైనది కాదు. ఆ లోపమును కూడ లెక్కగట్టుటకే మూడు ఉపగ్రహములు చాలక నాలుగు కావలసివచ్చును.

అమెరికా సైన్యము నెలకొల్పిన ఈ వ్యవస్థలో మొదటి ఉపగ్రహము 1978లో ఎగిరినది. పౌరులకందు సంకేతములో బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన దోషమును 2000 మే నెలలో మానివేసిరి. నాటినుండి చౌక రిసీవరు కూడ కొద్ది మీటర్ల తేడాలో స్థానము చెప్పగలుగుచున్నది.

ల్యాప్‌టాప్‌నకు తగినవి ముఖ్యముగా రెండు రకములు. యు.ఎస్.బి. తీగతో కలియునది ల్యాప్‌టాప్ నుండియే విద్యుత్తును గ్రహించును. దానికి వేరుగా ఛార్జింగు అక్కరలేదు. బ్లూటూత్ రిసీవరును కొంత దూరమున ఉంచవచ్చును గాని, దాని బ్యాటరీని కనిపెట్టుచుండవలెను. ఏదైనను దానికి ఆకాశము కనబడవలెను. రేకుల కప్పు క్రింద అది మూగవోవును. కనుక తీగ కిటికీ వెలుపలికి చాలునంత పొడవున్నదా అని చూచుట మంచిది. ‘ఎన్.ఎమ్.ఇ.ఎ. 0183’ అను ఉమ్మడి భాషలో సమాచారమిచ్చునది పలు పటముల ప్రోగ్రాములకు అర్థమగును. రష్యా, ఐరోపా, చైనా దేశముల ఉపగ్రహములను కూడ వినగల రిసీవరు చెట్లచాటున ఎక్కువ నమ్మదగినది. స్థానము తెలియుటకు ఇంటర్‌నెట్ అవసరము లేదు. పటమును మాత్రము ముందే ల్యాప్‌టాప్‌లో భద్రపరచుకొనవలెను.

అసలు చిక్కు ఇక్కడ మొదలగును. తెరపై అక్షాంశము ఆరు దశాంశస్థానముల వరకు కనిపించును. ఒక డిగ్రీ అక్షాంశము సుమారు 111 కిలోమీటర్లు. ఆరవ స్థానము 11 సెంటీమీటర్లకు సమానము. అంత సూక్ష్మముగా కొలిచినట్లు విద్యార్థి భ్రమపడును. రిసీవరును ఒకేచోట కదల్చక గంటసేపు ఉంచి, అది చెప్పిన స్థానములన్నిటిని ల్యాప్‌టాప్‌లో గుర్తించినచో, చుక్కలు నేలపై చల్లిన గింజలవలె మీటర్ల మేర చెదరియుండును. కదలని వస్తువు కదలినట్లు కనిపించుటయే ఆ దశాంశముల బండారమును బయటపెట్టును.

ఈ తేడా బడిపటములో రచ్చబండకో, చెరువుగట్టుకో హాని చేయదు. పొలము హద్దు సంగతి వేరు. నూరు మీటర్ల గట్టు మూడు మీటర్లు జరిగినచో 300 చదరపు మీటర్లు, అనగా ఏడు సెంట్లకు పైగా భూమి చేతులు మారినట్లగును. అన్నదమ్ముల వ్యాజ్యమునకు అది చాలును. అందుచేతనే సర్వే పనులలో, స్థానము ముందే తెలిసిన స్థిరకేంద్రము నుండి సవరణలను గ్రహించి, సెంటీమీటర్లలో కొలుచు రిసీవరులను వాడుదురు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరున ఆరంభించిన భూముల రీసర్వేలో వాడినది ఇట్టి పద్ధతియే. వాని వెల సామాన్య పాఠశాలకు అందునది కాదు. బడిపనికి అవసరమును లేదు.

చౌక రిసీవరుతో గీచిన పటము క్రింద ‘దీనిలో అయిదు మీటర్ల వరకు, చెట్లక్రింద అంతకు మించియు, తేడా ఉండవచ్చును’ అని విద్యార్థి వ్రాయనేర్చినచో ఆ పరికరమునకు పెట్టిన సొమ్ము సార్థకము. అదే పటమును చేతబట్టుకొని పొరుగువాని గట్టు త్రవ్వబోయినచో, దోషము రిసీవరుది కాదు.