క్యూలో నిలిచిన ఉత్తరములు

బేరసారములు, బిల్లులు, ఒప్పందములు సమస్తమును ఈమెయిలు మూలముననే నడచుచున్న ఈ దినములలో, వ్యాపారసంస్థలలో అహోరాత్రము ఆ ఉత్తరములను పంపుచు పుచ్చుకొనుచు నుండు మెయిలు సర్వరును, దానిని కనిపెట్టియుండు అడ్మినిస్ట్రేటరును తలచువారు అరుదు. జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో వెలువరించిన, ఈమెయిలు పంపకమునకు సంబంధించిన ఎస్.ఎం.టి.పి. నియమావళి ప్రకారము, ఒకమారు ఉత్తరమును స్వీకరించిన సర్వరు దానిని గమ్యమునకు చేర్పవలెను. చేర్పజాలనిచో ఆ సంగతి పంపినవారికి తెలుపవలెను. అడ్మినిస్ట్రేటరు దినచర్య యంతయు ఈ మాట నిలుపుటకే యని నా నమ్మకము.

కావున ఉదయమున అతడు ముందుగా చూడవలసినది, చేరవలసిన ఉత్తరములు వేచియుండు క్యూ. పోస్ట్‌ఫిక్స్ అను మెయిలు సర్వరులో ‘మెయిల్‌క్యూ’ అను ఆజ్ఞ నిచ్చినంతనే, ఇంకను చేరని ఉత్తరములు, అవి ఎప్పుడు వచ్చినవో, ఎందుచేత ఆగినవో తెరపై కానవచ్చును. అవతలి సర్వరు పలికిన సంఖ్య 4తో మొదలైనచో అడ్డంకి తాత్కాలికము. 5తో మొదలైనచో నిరాకరణము శాశ్వతము. 550 అనగా, తరచుగా, అట్టి చిరునామాయే లేదనుట. తాత్కాలికమైన అడ్డంకి తొలగునేమోయని పోస్ట్‌ఫిక్స్, దాని అమరికలో మార్పు చేయనిచో, 5 దినములు మరల మరల యత్నించి, పిమ్మట ఉత్తరమును త్రిప్పిపంపును.

నిన్నటివరకు పదిపదునైదు ఉత్తరములున్న క్యూలో నేడు వేలకొలది కనబడి, అవన్నియు లెక్కల విభాగమందలి ఒక్క గుమాస్తా పేరిట ఎన్నడు నెరుగని చిరునామాలకు బయలుదేరినవైనచో, ఆ గుమాస్తా పాస్‌వర్డు పరుల చేత చిక్కినదని గ్రహింపవలెను. తత్క్షణమే పాస్‌వర్డు మార్చి, ఆ దొంగ ఉత్తరములను క్యూనుండి తొలగింపనిచో, సర్వరు ఐపీ చిరునామా బ్లాక్‌లిస్టుల కెక్కి, సంస్థ పంపు నిజమైన బిల్లులు సైతము తిరస్కృతము లగును. పోగొట్టుకొన్న పేరును మరల సంపాదించుట మిక్కిలి కష్టము.

డిస్కు నిండకుండ చూచుట, సర్టిఫికెట్ల గడువు తప్పనీయకుండుట నిత్యకృత్యములు. బ్యాకప్ విషయమున మాత్రము నిర్లక్ష్యము క్షమింపరానిది: తీసితిమన్న తృప్తి చాలదు, అప్పుడప్పుడు ఒక మెయిల్‌బాక్సునైనను దానినుండి పునరుద్ధరించి చూడవలెను. మన దేశములో సైబరు భద్రతను చూచు ప్రభుత్వసంస్థయైన సెర్ట్-ఇన్ 2022లో జారీచేసిన ఆదేశముల ననుసరించి సర్వరు లాగులను, అనగా కార్యకలాపముల నమోదులను, 180 దినములు భద్రపరుపవలసియున్నది. నిర్దిష్టములైన సైబరు ఘటనలను, ఎరిగిన 6 గంటలలోపల ఆ సంస్థకు తెలుపవలసియున్నది.

పాఠకులకు ఒక్క విన్నపము: మీరు పంపిన ఉత్తరము తిరిగివచ్చినప్పుడు, దానితో వచ్చిన సందేశమును విసుగుతో తుడిచివేయక, ఉన్నదున్నట్లు మీ అడ్మినిస్ట్రేటరుకు పంపుడు, అతనికి కావలసిన సంఖ్యయు, కారణమును అందే యుండును.